రైలు పోయింది... సైకిల్ వచ్చింది!

ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, మధ్యలో సన్నటి దారి. ఐర్లాండ్ పల్లెల్లో సైకిల్ యాత్ర అంటే కళ్లకు పండగే. కానీ ఆ దారులకో కథ ఉంది. కారులో వెళితే వినిపించదు. సైకిల్ మీద వెళ్లి, ఆగి, టీ తాగి, అడిగితేనే చెబుతారు.

‘ఏం బామ్మర్దీ, సైకిల్ తొక్కడానికి ఇంత దూరం రావాలా? మన ఊళ్లో లేవా సైకిళ్లు?’

డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్లో నన్ను రైలెక్కిస్తూ మా బావ అడిగిన మాట ఇది. ఆయన పదేళ్లకు పైగా అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగు రోజులు సెలవు పెట్టి, కారులో దేశమంతా చూపిస్తానని మాటిచ్చాడు. నేనేమో ఆ నాలుగు రోజులూ ఒక్క జిల్లాలో సైకిల్ తొక్కుతానన్నాను. ఆయనకు కోపం రాలేదు కానీ జాలి మాత్రం వేసింది. ‘వాన పడితే ఫోన్ చెయ్, వచ్చి తీసుకెళతా’ అన్నాడు. ‘వాన పడితే’ అన్నందుకు పక్కనున్న పెద్దాయన నవ్వాడు. ఆయనకు తెలుగు రాదు. మా బావ కిటికీలోంచి ఆకాశం వైపు చూపించిన తీరు చాలు, విషయం అర్థం కావడానికి!

నేను వెళ్లింది మేయో జిల్లాకి. ఐర్లాండ్‌కి పడమటి అంచున, అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. డబ్లిన్ నుంచి వెస్ట్‌పోర్ట్ అనే ఊరి దాకా మూడుంబావు గంటల రైలు ప్రయాణం. అక్కడితో పట్టాలు అయిపోతాయి. ఒకప్పుడు మాత్రం ఇంకా ముందుకెళ్లేవి. ఆ మిగతా దారి కోసమే నేను వెళ్లింది.

షాపాయన చెప్పాడు... నేను వినలేదు

వెస్ట్‌పోర్ట్ ముచ్చటైన ఊరు. మధ్యలోంచి చిన్న నది, రెండు గట్ల మీదా చెట్లు, రాతి వంతెనల మీద పూలకుండీలు. 18వ శతాబ్దంలో నక్షా గీసి మరీ కట్టిన ఊరట. అడుగడుగునా సైకిళ్లు అద్దెకిచ్చే షాపులే. నేను గేర్లున్న మామూలు సైకిల్ తీసుకున్నా. వెనక చక్రానికి అటూ ఇటూ రెండు సంచులు తగిలించారు. వాటి మీద వాన కవర్లు. తలకు హెల్మెట్. పంక్చర్ సామాను, చేతిపంపు కూడా ఇచ్చి, ట్యూబు ఎలా మార్చాలో చూపించారు. ‘మా ఊళ్లో పంక్చర్లు వేసుకున్నవాణ్నే’ అన్నాను, కాస్త గొప్పగానే.

‘అయితే ఒక్క మాట విను’ అన్నాడు షాపాయన. ‘ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. అందుకే అందరినీ సైకిళ్లతో సహా మా వ్యానులో ఎకిల్ దాకా తీసుకెళ్లి దింపుతాం. అక్కణ్నుంచి తొక్కుకుంటూ వస్తే గాలే నిన్ను ఇంటికి తోస్తుంది.’

మంచి సలహానే. కానీ నాకు రైలు ఎటు వెళ్లేదో అటే వెళ్లాలనిపించింది. వద్దన్నాను. ఆయన భుజాలెగరేసి, ‘సాయంత్రానికి కాళ్లు చెబుతాయిలే’ అన్నాడు. చెప్పాయి కూడా!

ఆ దారి పేరు గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే. వెస్ట్‌పోర్ట్ నుంచి ఎకిల్ ద్వీపం ముంగిట దాకా 42 కిలోమీటర్లు. తర్వాత ఇంకొంచెం పొడిగించారు. 2010లో మొదటి ముక్క, 2011లో మిగతాదీ తెరిచారు. కార్లుండవు, లారీలుండవు. నడిచేవాళ్లు, సైకిళ్లు... అంతే. పాత రైలుమార్గం మీద వేశారు కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు కూడా ఉండవు. ఆవిరి ఇంజిన్ ఎక్కగలిగిన దారిని మనం ఎక్కలేమా!

ఈ దారి వెనక ఓ విశేషముంది. రైలు ఆగిపోయాక ఆ నేల చాలావరకు చుట్టుపక్కల రైతుల చేతుల్లోకి వెళ్లిపోయింది. దారి వేయాలంటే వాళ్ల పొలాల్లోంచే పోవాలి. దీనికోసం భూసేకరణ చేయలేదు. నేల మీద హక్కు రైతులదే. ‘మా పొలంలోంచి జనం వెళ్లొచ్చు’ అని వాళ్లే అనుమతి ఇచ్చారు. అందుకే అడుగడుగునా చిన్న గేట్లు తగులుతాయి. తీసి, దాటి, మళ్లీ వేసి వెళ్లాలి. వేయకపోతే గొర్రెలు బయటికొచ్చేస్తాయి. ఆ గొర్రెల వీపుల మీద నీలం, ఎరుపు రంగు మచ్చలు. ఎవరి గొర్రెలకు వారి రంగు. అన్నీ కలిసి మేస్తున్నప్పుడు మన హోలీ తర్వాతి రోజు వీధి గుర్తొచ్చింది!

ఆవుల బాటలు

న్యూపోర్ట్ చేరేలోపు గ్రీన్‌వే వదిలి కాసేపు పక్కదారుల్లో తిరిగాను. ఐర్లాండ్ పల్లెల అసలు అందం వాటిల్లోనే ఉంది. వాటిని బొరీన్‌లంటారు. ఒక్క కారు పడితే గొప్ప. రెండువైపులా రాళ్లు పేర్చిన గోడలు. దారి మధ్యలో గీత గీసినట్టు గడ్డి మొలిచి ఉంటుంది. మన పల్లెల్లో ఎడ్లబండి చక్రాలు రెండువైపులా గాళ్లు పెడితే మధ్యలో గడ్డి మిగులుతుందే, అచ్చం అలాగే.

ఐరిష్ భాషలో ‘బో’ అంటే ఆవు. దారిని ‘బోహర్’ అంటారు, ఆవుల బాట అన్నమాట. చిన్న బోహర్ ఏమో బొరీన్. మన గోదావరి జిల్లాల్లో పుంత, కృష్ణా గుంటూరుల్లో డొంక అన్నట్టే! ఇంకో సంగతి... ఆ ‘బో’, సంస్కృతంలోని ‘గో’ ఒకే మూలం నుంచి పుట్టాయని భాషావేత్తలు చెబుతారు. ఇంత దూరం వచ్చినా ఆవు మనకు చుట్టమే.

నేను వెళ్లింది మే నెలలో. గోడల వెంబడి గోర్స్ అనే ముళ్లపొద పసుపు పచ్చగా విరగబూసింది. దూరం నుంచి చూస్తే తంగేడు పూసినట్టే. ఇంకాస్త పైకి వెళితే నల్లటి నేలలు. నాచూ గడ్డీ వేల ఏళ్లుగా కుళ్లి ముద్దగా మారిన నేల అది. దాన్ని ఇటుకల్లా కోసి, మన పిడకల్లా పేర్చి ఎండబెట్టి, చలికాలం పొయ్యిలో వేసుకుంటారు. ఆ పొగ వాసన ఒకసారి పీలిస్తే మరిచిపోలేం.

న్యూపోర్ట్‌లో పాత రైలువంతెన ఇప్పటికీ ఉంది. ఎర్రటి ఇసుకరాయితో కట్టిన ఏడు కమానుల వంతెన. నది మీద ఏనుగుల వరసలా నిలబడి ఉంటుంది. మీద రైలు లేదు. మనుషులు, సైకిళ్లు వెళుతున్నాయి. నేనూ దాన్నే దాటాను.

అక్కడి నుంచి గాలి మొదలైంది. ఎడమవైపు క్లూ అఖాతం. అందులో గుడ్లు బోర్లించినట్టు పచ్చటి దీవులు. ఏడాదికెన్ని రోజులో అక్కడ అన్ని దీవులుంటాయని స్థానికులంటారు. అందులో ఒకదాన్ని 1967లో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కొనుక్కున్నాడు. ఇవన్నీ చూస్తూ తొక్కుదామంటే గాలి ఊరుకోదే! మూడో గేరు, రెండో గేరు, ఒకటో గేరు... చివరికి దిగి నెట్టుకుంటూ నడిచాను. ఎదురుగా ఓ అరవయ్యేళ్ల జంట నవ్వుతూ, పెడల్ తొక్కకుండానే జారుకుంటూ వచ్చేశారు. షాపాయన మాట విన్నవాళ్లు!

మొదటి రైలు... చివరి రైలు

మల్‌రానీ చేరేసరికి వాన కూడా తోడైంది. చిన్న టీ దుకాణంలో దూరాను. ఐర్లాండ్‌లో టీ మనకన్నా చిక్కగా తాగుతారు. కొన్ని పొట్లాల్లో మన అస్సాం ఆకూ ఉంటుంది. దుకాణం పెద్దావిడ నా తడిసిన చొక్కా చూసి పొయ్యి దగ్గర కుర్చీ వేసింది. ‘ఎకిల్ వైపా? గాలికి ఎదురా? ఎవరు చెప్పారు నీకు?’ అంది. ఎవరూ చెప్పలేదని, రైలు వెళ్లిన వైపు వెళ్లాలనుకున్నానని చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘అయితే ఆ రైలు సంగతి తెలిసే వచ్చావా?’ అంది.

తెలియదు. ఆవిడే చెప్పింది.

17వ శతాబ్దంలో అక్కడ బ్రయాన్ రువా అనే ఆయన ఉండేవాడట. జరగబోయేవి చెప్పేవాడని పేరు. మన బ్రహ్మంగారి లాగా అనుకోండి. మనవాళ్లూ ఆయన్ని ఆ శతాబ్దానికే చెందినవారంటారు. నిప్పూ పొగా కక్కుతూ, ఇనప చక్రాల మీద బళ్లు ఈ దారిన వస్తాయనీ, మొట్టమొదటిదీ చిట్టచివరిదీ శవాలను మోస్తాయనీ బ్రయాన్ రువా చెప్పాడని అక్కడివాళ్ల నమ్మకం.

1894 జూన్ 14. ఎకిల్ నుంచి వందమందికి పైగా ఓ తెరచాప పడవెక్కి వెస్ట్‌పోర్ట్ రేవుకు బయల్దేరారు. అక్కడ ఓడ పట్టుకుని స్కాట్లాండ్ వెళ్లాలి. ఏం పనికి? బంగాళాదుంపలు తవ్వడానికి. ఎక్కువమంది పడుచువాళ్లే. చాలామంది అంత పెద్ద ఓడను ఎన్నడూ చూసి ఉండరు. రేవు దగ్గరపడేసరికి ఓడ కనిపించింది. చూద్దామని అంతా ఒకవైపుకి వచ్చారు. పడవ బోల్తాపడింది. 32 మంది మునిగిపోయారు. ఎకిల్ రైలుమార్గం అప్పటికి కడుతూనే ఉన్నారు, ఇంకా ప్రారంభం కాలేదు. ప్రత్యేకంగా ఓ రైలు నడిపి శవపేటికలను ఇంటికి చేర్చారు. ఆ దారిన ఎకిల్‌కి వెళ్లిన మొదటి రైలు అదేనంటారు.

43 ఏళ్ల తర్వాత, 1937 సెప్టెంబరు 16. స్కాట్లాండ్‌లోని కిర్కింటిలాక్ అనే ఊళ్లో దుంపలు తవ్వే కూలీలు పడుకున్న పాకకు అర్ధరాత్రి నిప్పంటుకుంది. పదిమంది చనిపోయారు. అందరూ ఎకిల్ పిల్లలే. చిన్నవాడికి 13 ఏళ్లు, పెద్దవాడికి 23. వాళ్లనూ రైలే ఇంటికి తెచ్చింది. తర్వాత కొద్దిరోజులకే ఆ లైను మూసేశారు.

అచ్చంగా చివరి రైలు అదేనా, జోస్యం ముందు పుట్టిందా తర్వాత పుట్టిందా అన్నది వేరే సంగతి. పాత్రికేయుడిగా నాకా అనుమానం వచ్చింది. కానీ అడగలేదు. ఎందుకంటే ఆవిడ చెబుతున్నది జోస్యం గురించి కాదు. పిల్లల గురించి. ‘వెళ్లకపోతే గడవదు కదా. ఇక్కడ ప్రతి ఇంట్లోంచీ ఎవరో ఒకరు వెళ్లినవాళ్లే’ అంది.

మా అమ్మమ్మ వాళ్లది పాలమూరు జిల్లా. చిన్నప్పుడు సెలవులకు వెళితే, తాళం వేసి ఉన్న ఇళ్ల అరుగుల మీద ఆడుకునేవాళ్లం. ‘వీళ్లెక్కడికి వెళ్లారు అమ్మమ్మా?’ అంటే, ‘బొంబాయి’ అనేది. కొందరు ఉగాదికి వచ్చేవారు. కొందరు అప్పటికీ వచ్చేవారు కాదు. ఆ ఊరి రోడ్డు ఎక్కడికి వెళుతుందని అడిగితే మాకు తెలిసిన జవాబు ఒక్కటే... బస్సు దగ్గరికి. మల్‌రానీ టీ దుకాణంలో కూర్చుని ఆ అరుగులన్నీ గుర్తుచేసుకున్నాను. పెద్దావిడతో ఆ మాటే చెప్పాను. టీ డబ్బులు తీసుకోలేదు.

పైకప్పుల్లేని ఊరు

ఆ రాత్రి ఎకిల్‌లోనే ఉన్నాను. ఐర్లాండ్ తీరంలో అతి పెద్ద ద్వీపం ఇది. వంతెన మీదుగా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిపోవచ్చు. మైకేల్ డేవిట్ పేరు పెట్టారు దానికి. కౌలు రైతుల కోసం ల్యాండ్ లీగ్ స్థాపించిన మేయో బిడ్డ ఆయన. మనం రోజూ వాడే ‘బాయ్‌కాట్’ అనే మాటకు కూడా పుట్టిల్లు మేయోనే! చార్లెస్ బాయ్‌కాట్ అని భూస్వాముల తరఫున కౌళ్లు వసూలు చేసే ఏజెంటు ఒకాయన. అంతకుముందు కొన్నేళ్లు ఎకిల్‌లోనే ఉన్నాడు. 1880లో లాక్ మాస్క్ దగ్గర కౌలుదార్లను వెళ్లగొట్టబోతే, ఊరు ఊరంతా ఆయనకు పని చేయడం, సరుకులమ్మడం, పలకరించడం మానేసింది. ఆయన పేరు కాస్తా నిఘంటువులోకి ఎక్కింది.

పొద్దున్నే కిల్డావ్‌నెట్ వెళ్లాను. సముద్రం ఒడ్డున పాత శ్మశానం. 1894లో పోయినవాళ్లు, 1937లో పోయినవాళ్లు అక్కడే ఉన్నారు. పక్కనే ఓ రాతి బురుజు. 16వ శతాబ్దంలో ఈ సముద్రాన్ని ఏలిన గ్రేస్ ఒమాలీ అనే వీరనారి కుటుంబానిదంటారు. 1593లో లండన్ వెళ్లి ఎలిజబెత్ రాణిని నేరుగా కలిసి మాట్లాడి వచ్చిందీవిడ. ఎదురుగా నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. అలలు కూడా లేవు.

అక్కణ్నుంచి స్లీవ్‌మోర్. 671 మీటర్ల కొండ. దాని పాదం వెంట దాదాపు కిలోమీటరున్నర పొడవునా రాతి ఇళ్లు. ఎనభై నుంచి వంద దాకా ఉంటాయి. ఒక్కదానికీ పైకప్పు లేదు. ఒక్క గది, ఒక్క గుమ్మం. లోపల గడ్డి, గడ్డిలో గొర్రెలు. ఎందుకు ఖాళీ అయిందంటే ఒకే కారణం చెప్పలేరు. కొంత కరువు, కొంత భూస్వాములు వెళ్లగొట్టడం, కొంత సముద్రానికి దగ్గరగా తరలిపోవడం. తర్వాత కూడా కొన్నేళ్లు వేసవిలో పశువులను తోలుకొచ్చి ఇక్కడ ఉండేవారట. జర్మన్ రచయిత హైన్‌రిష్ బోల్ ఈ ఊరి గురించి 1957లో వచ్చిన తన ఐర్లాండ్ డైరీలో రాశాడు. తర్వాత ఆయనకు నోబెల్ కూడా వచ్చింది.

సైకిల్‌ని గోడకి ఆనించి కాసేపు కూర్చున్నాను. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. అప్పుడు కనిపించాయి, ఇళ్ల చుట్టూ నేల మీద వరసలు వరసలుగా మడులు. మట్టి ఎగదోసి బంగాళాదుంపలు పెట్టిన చాళ్లు. గడ్డి కప్పేసినా, ఎండ పక్కనుంచి పడితే దువ్వెన పళ్లలా తేలతాయి. 

ద్వీపం చివర కీమ్ బీచ్. కొండ అంచున మెలికలు తిరుగుతూ ఎక్కి, దిగాల్సిన రోడ్డు. ‘ది బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్’ సినిమా చూసినవాళ్లు ఈ బీచ్‌ని గుర్తుపడతారు. ఎక్కేటప్పుడు నా తిట్లు, దిగేటప్పుడు నా కేకలు... రెండూ తెలుగులోనే! బ్రేకులు మాత్రం ముందే సరిచూసుకోండి.

మూడోరోజు వెనక్కి, వెస్ట్‌పోర్ట్‌కి. గాలి వీపున చేయి వేసి తోసింది. వెళ్లడానికి రోజంతా పట్టిన దారి, మధ్యాహ్నం భోజనానికల్లా అయిపోయింది. షాపాయన ఏమీ అనలేదు. గడియారం చూసి నవ్వాడంతే.

నల్లచెరువు దారిలో

నాలుగోరోజు అసలు పరీక్ష. వెస్ట్‌పోర్ట్ నుంచి లూయిస్‌బర్గ్, డూలాక్ లోయ, లీనాన్ మీదుగా మళ్లీ వెస్ట్‌పోర్ట్. 85 కిలోమీటర్ల పైమాటే. ఇది గ్రీన్‌వే కాదు, మామూలు రోడ్డు. మనలాగే వాళ్లదీ ఎడమవైపు ప్రయాణమే కాబట్టి కంగారు లేదు.

తొమ్మిది కిలోమీటర్ల దూరంలో మరిస్క్. ఎడమవైపు క్రో పాట్రిక్ కొండ, 764 మీటర్లు. జులై ఆఖరి ఆదివారం వేలమంది భక్తులు ఎక్కుతారు. కొందరు చెప్పుల్లేకుండా! మన తిరుమల మెట్లు గుర్తొస్తాయి. కుడివైపు ఓ కంచు ఓడ. దగ్గరికెళితే తాళ్లూ తెరచాపలూ ఉండాల్సిన చోట అస్థిపంజరాలు. శిల్పి జాన్ బెహన్ చేసిన కరువు స్మారకం. 1997లో పెట్టారు.

ఏమిటా కరువు? 1845లో బంగాళాదుంపకు తెగులొచ్చింది. ఆకు నల్లబడి, దుంప నేలలోనే కుళ్లిపోయింది. పేదలకు అదే తిండి. వరసగా ఏళ్ల తరబడి పంట పోయింది. అదే సమయంలో ధాన్యం మాత్రం ఓడలెక్కి ఇంగ్లండ్ వెళుతూనే ఉంది. పది లక్షలమంది చనిపోయారు. మరో పది లక్షలకు పైగా దేశం వదిలేశారు. 1841 లెక్కల్లో మేయో జనాభా 3.88 లక్షలు. 2022లో దాదాపు 1.38 లక్షలు. ఐర్లాండ్ ద్వీపం మొత్తం జనాభా ఇప్పటికీ 1841 నాటి సంఖ్యను అందుకోలేదు.

లూయిస్‌బర్గ్ దాటాక దారి లోయలోకి దిగుతుంది. రెండువైపులా నిటారు కొండలు, మధ్యలో నల్లగా నీళ్లు. డూలాక్ అంటే ఐరిష్‌లో నల్లచెరువు. ఒక్క ఇల్లు లేదు. ఇంత అందమైన దారి నేనింతవరకు తొక్కలేదు. అరగంటలో రెండే కార్లు. 

1849 మార్చి ఆఖరున లూయిస్‌బర్గ్‌లో వందలమంది ఆకలితో పోగయ్యారు. సాయం కావాలంటే అధికారులు తనిఖీ చేయాలి. ఆ అధికారులేమో 19 కిలోమీటర్ల దూరంలోని డెల్ఫీ బంగళాలో ఉన్నారు. మర్నాడు పొద్దున్నే అక్కడికి రమ్మన్నారు. చలిలో, గాలివానలో, ఈ లోయలోంచే నడిచి వెళ్లారు. అక్కడ ఏమీ ఇవ్వకుండా పంపేశారు. తిరుగుదారిలో ఒక్కొక్కరుగా రాలిపోయారు. ఎందరన్నదానికి లెక్కలు కలవవు. స్థానికులు మాత్రం వందల్లో చెబుతారు.

రోడ్డు పక్కన ఓ సాదా రాతి శిలువ. దాని మీద రాసింది చదువుదామని దిగాను. అక్కడ కనిపించిన పేరు చూసి నిలబడిపోయాను. మహాత్మా గాంధీ! తోటివాళ్లను అవమానించడంలో మనిషి గౌరవం ఎలా చూసుకోగలడన్న గాంధీజీ ప్రశ్నను చెక్కారు. మేయోలోని ఆ నిర్మానుష్యపు లోయలో, గాలిలో, నేనూ ఆయనా.

మన దగ్గరా అదే పాలన, అదే తీరు కదా. 1876-78లో రాయలసీమను తుడిచిపెట్టిన ధాత కరువు గురించి పెద్దలు చెప్పగా వినే ఉంటారు. అప్పుడూ ధాన్యం ఓడలెక్కింది. అప్పుడూ కూలికొచ్చినవాళ్లతోనే పని చేయించి గంజి పోశారు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు పనుల్లో తవ్విందే. ఐర్లాండ్‌లో కూడా కరువు పనుల కింద ఆకలిగొన్నవాళ్లతో రోడ్లు వేయించారు. కొన్ని ఎటూ వెళ్లకుండా కొండ మధ్యలో ఆగిపోతాయి. 

1847లో అమెరికాలోని చోక్టా ఆదివాసులు ఈ కరువు సంగతి విని 170 డాలర్లు పోగుచేసి పంపారు. వాళ్లు అప్పటికి కొన్నేళ్ల ముందే సొంత నేల నుంచి గెంటివేతకు గురైనవాళ్లు. ఐరిష్‌వాళ్లు మరిచిపోలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు, ఆ రుణం తలుచుకుని అమెరికాలోని నవాహో, హోపీ ఆదివాసులకు చందాలు పంపారు.

డెల్ఫీ దాటి, కిల్లరీ అఖాతం వెంబడి లీనాన్ చేరి, చివరి 32 కిలోమీటర్లు కాళ్లీడ్చుకుంటూ వెస్ట్‌పోర్ట్‌లో పడేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆకాశంలో ఇంకా వెలుగుంది.

మర్నాడు రైలు దిగగానే బావ అడిగాడు, ‘ఏం చూశావు బామ్మర్దీ?’ అని. ఖాళీ ఇళ్లు చూశానన్నాను. ‘నాలుగు రోజులు తొక్కి అదా నువ్వు చూసింది?’ అని నవ్వాడు. మల్‌రానీ పెద్దావిడ సంగతి చెబితే నవ్వాపి, కారు నడుపుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘మా నాన్న నన్ను ఎయిర్‌పోర్టులో దింపినప్పుడు లోపలికి రాలేదురా. కారులోనే కూర్చున్నాడు’ అన్నాడు.

ఆవిడ చెప్పిన ఇంకో మాట ఉంది. నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి గ్రీన్‌వే వైపు చూపించింది. వానలో అటునుంచి నలుగురు పిల్లలు సైకిళ్ల మీద అరుచుకుంటూ వస్తున్నారు. ‘మా చిన్నప్పుడు ఈ కట్ట మీద ముళ్లపొదలే. అంతకుముందు రైలు. అది మావాళ్లను తీసుకెళ్లడానికే వచ్చేది. ఇప్పుడు చూడు, ఈ దారిన జనం వస్తున్నారు’ అంది.

ఆ వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని.

వెళ్లాలనుకుంటే...

హైదరాబాద్ నుంచి డబ్లిన్‌కి నేరుగా విమానం లేదు. గల్ఫ్ నగరాల మీదుగానో, యూరప్ మీదుగానో వెళ్లాలి. షెంగెన్ వీసా ఐర్లాండ్‌లో చెల్లదు, వేరే తీసుకోవాలి. కరెన్సీ మాత్రం యూరోనే.

మే నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. వాన ఎప్పుడైనా పడుతుంది. గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడిపోతుంది. మంచి రెయిన్‌కోటు తీసుకెళ్లండి.

రైల్లో సైకిల్‌కి చోటు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. వెస్ట్‌పోర్ట్‌లోనే అద్దెకు తీసుకోవడం తేలిక. తొక్కలేమనుకుంటే బ్యాటరీ సైకిళ్లూ దొరుకుతాయి.

రోడ్ల పేర్లలో మొదటి అక్షరం చూసుకోండి. ‘ఎమ్’ అంటే మోటార్‌వే, సైకిళ్లకు ప్రవేశం లేదు. ‘ఎన్’ అంటే జాతీయ రహదారి, లారీలు వేగంగా వెళతాయి. ‘ఆర్’ ఫర్వాలేదు. ‘ఎల్’ అంటే పల్లెదారి, మనకు కావాల్సింది అదే. 2025 ఫిబ్రవరి నుంచి ఈ పల్లెదారుల్లో వాహనాల వేగపరిమితిని 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించారు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు వాటర్‌ఫర్డ్ గ్రీన్‌వే బాగుంటుంది. వాటర్‌ఫర్డ్ నుంచి డంగార్వన్ దాకా 46 కిలోమీటర్లు, 2017లో తెరిచారు. పాత రైలు సొరంగంలోంచి, ఎత్తైన వంతెనల మీదుగా సాగుతుంది. నీళ్ల పక్కన తొక్కాలనుంటే రాయల్ కెనాల్ గ్రీన్‌వే... మేనూత్ నుంచి లాంగ్‌ఫర్డ్ జిల్లాలోని క్లూన్‌డరా దాకా 130 కిలోమీటర్లు, కాలువ గట్టునే.

ఒకవేళ మేయో వెళితే మాత్రం, వ్యాను ఎక్కి ఎకిల్ నుంచి వెనక్కి తొక్కండి. షాపాయన మాట వినండి. మల్‌రానీలో మాత్రం ఆగి, టీ తాగండి.